ఫైబ్రోస్కాన్ 7.8 అంటున్నారు, రిపోర్టులో సిర్రోసిస్ అని రాశారు: తమ్ముడికి లివర్ బయాప్సీ చేయించాలా?

కరీంనగర్_అక్క
మా తమ్ముడికి 31 ఏళ్లు. పోయిన నెల ఒక రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి లేచి, వాష్ బేసిన్ నిండా రక్తం కక్కేశాడు. నోరు తెరిచి మాట్లాడబోతే మళ్లీ వచ్చింది. ఆటోలో తీసుకెళ్లేలోపు స్పృహ తప్పాడు. రక్తం ఎక్కించి, ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో సిరలు ఉబ్బి పగిలాయని, వాటిని బిగించడానికి 5 రబ్బరు బ్యాండ్లు వేశారు. బతికించారు, ఆ రుణం తీరదు.

తర్వాత సీటీ తీసి లివర్ పైభాగం గరుకుగా ఉంది, సిర్రోసిస్ అని రాశారు. ముందో వెనకో ట్రాన్స్‌ప్లాంట్ తప్పదన్నారు. "నిజం చెప్పు, రోజూ ఎంత తాగుతావ్" అని నాలుగుసార్లు అడిగారు. వాడు మందు ముట్టడు. సన్నటి మనిషి, 58 కిలోలు, షుగర్ లేదు. చుట్టాలు కూడా అదే మాట. కుదిరిన సంబంధం వెనక్కి పోయింది.

హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ గారికి ఫైల్ చూపించాం. హెపటైటిస్ బి, సి నెగటివ్. బిలిరుబిన్ 0.9, అల్బుమిన్ 4.1, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే అంకె) 1.1. ప్లేట్‌లెట్లు 58 వేలు. స్ప్లీన్ (ప్లీహం) వాచి 18.5 సెంటీమీటర్లు. ఫైబ్రోస్కాన్, అంటే లివర్ గట్టిదనం కొలిచే స్కాన్, 7.8. ఆయన చాలాసేపు చూసి, "ఈ లెక్కలు ఒకదానికొకటి కుదరడం లేదమ్మా, మెడ దగ్గర నుంచి బయాప్సీ చేద్దాం" అన్నారు. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందని ఎవరో చెప్పారట. చేయించిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు నిద్ర పట్టడం లేదు.

(రిపోర్టులు ఫోటో తీసి పెట్టాను)

వేదిక_పెద్ద
రిపోర్టు ఫోటోలో పేరు, ఫోన్ నంబర్ కనిపిస్తున్నాయి అక్కా, తీసేశాను. అంకెలు పైన రాశారు కాబట్టి ఇబ్బంది లేదు.

రావుగారి_తోట
బయాప్సీ వద్దు తల్లీ. మా ఊళ్లో పసరు పోసే ఆయన ఉన్నాడు, ఎన్నో కామెర్ల కేసులు బాగు చేశాడు. మూడు ఆదివారాలు చాలు.

నైట్_డ్యూటీ
రావు గారూ, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ఇది కామెర్ల కేసు కాదు. కామెర్లయితే పెరగాల్సిన బిలిరుబిన్ మామూలుగానే, 0.9 అని రాసింది చూడండి. సిరలు పగిలిన మనిషికి మూడు ఆదివారాలు ఆగే టైమ్ ఉండదు.

గోదారి_గట్టు
అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా కథే చదివినట్టుంది. 2009లో నాకు 27 ఏళ్లు. అలాగే రక్తం, అలాగే స్ప్లీన్, అలాగే "తాగుతావా". మా డాక్టర్ గారు వారంలో తేల్చేశారు. ఎన్‌సీపీఎఫ్ అన్నారు, నాన్ సిర్రోటిక్ పోర్టల్ ఫైబ్రోసిస్. బయాప్సీ లేదు, గియాప్సీ లేదు. బ్యాండింగ్ చేశారు, సిరల్లో ఒత్తిడి తగ్గించే ప్రొప్రనొలాల్ ఇచ్చారు. ఇద్దరు పిల్లలు, పొలం పని, అన్నీ మామూలే. ధైర్యంగా ఉండండి. బయాప్సీ ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు. డబ్బు దండగ అనిపిస్తుంది.

కరీంనగర్_అక్క
@గోదారి_గట్టు అన్నా, పదహారేళ్లు దాటింది కదా మీకు! ఈ ఒక్క మాటకే అమ్మ లేచి కూర్చుంది. ఇందాకే చదివి వినిపించాను.

గాజుపలక
నేను పాథాలజిస్టుని, ఎక్కువగా లివర్ స్లైడ్లే చూస్తాను. తమ్ముడిని నేను పరీక్షించలేదు కాబట్టి ఇది వైద్య సలహాగా తీసుకోవద్దు. కానీ హైదరాబాద్ డాక్టర్ గారు ఎందుకు ఆగి ఆలోచించారో చెప్పగలను.

గోదావరి జిల్లాల వాళ్లకి, కరీంనగర్ వాళ్లకి కాలువలు తెలుసు కాబట్టి అలాగే చెప్తాను. పేగుల నుంచి, స్ప్లీన్ నుంచి వచ్చే రక్తం అంతా పోర్టల్ సిర అనే పెద్ద కాలువలో లివర్‌కి వస్తుంది. లోపల పిల్ల కాలువలుగా చీలి చేను అంతా తడుపుతుంది. సిర్రోసిస్‌లో చేనే గట్టిపడి, గడ్డలు గడ్డలుగా అయిపోతుంది. నీళ్లు ఇంకవు. వెనక్కి ఎగదన్ని ఎక్కడో గండి పడుతుంది. అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఆ గండే.

ఇంకో రకం జబ్బు ఉంది. అందులో చేను మెత్తగానే ఉంటుంది, పిల్ల కాలువలే పూడుకుపోతాయి. నీళ్లు అప్పుడూ ఎగదన్నుతాయి, గండి అప్పుడూ పడుతుంది, స్ప్లీన్ అప్పుడూ వాస్తుంది. కానీ లివర్ పని చేస్తూనే ఉంటుంది, అందుకే అల్బుమిన్, బిలిరుబిన్ బాగుంటాయి. ఫైబ్రోస్కాన్ కొలిచేది చేను గట్టిదనాన్ని. సిరలు పగిలేంత ఒత్తిడి ఉండి కూడా అంకె 10 లోపే ఉందంటే, "ఇది సిర్రోసిస్ కాకపోవచ్చు" అని అనుమానించాలి. మీ డాక్టర్ గారు అన్న "లెక్కలు కుదరడం లేదు" అంటే ఇదే.

సీటీలో లివర్ గరుకుగా కనిపించడం ఈ జబ్బులోనూ ఉంటుంది. చాలామందికి సిర్రోసిస్ అనే ముద్ర పడేది అక్కడే.

పేర్ల గురించి కూడా. గోదారి_గట్టు గారు చెప్పిన ఎన్‌సీపీఎఫ్ అనే పేరు 1969లో మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వర్క్‌షాప్‌లో స్థిరపడింది. జపాన్‌లో దీన్నే ఇడియోపతిక్ పోర్టల్ హైపర్‌టెన్షన్ అన్నారు, అమెరికాలో హెపటోపోర్టల్ స్క్లెరోసిస్. 2019లో ఇవన్నీ కలిపి పోర్టో సైనుసాయిడల్ వాస్క్యులర్ డిసీజ్, పీఎస్‌వీడీ అనే పేరు ప్రతిపాదించారు, తర్వాత చివరి మాటని డిజార్డర్ అని మార్చారు. ఇప్పటి రిపోర్టుల్లో అదే కనిపిస్తుంది.

గోదారి_గట్టు
@గాజుపలక మేడమ్/సర్, కాలువ మాట బాగుంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. లెక్కలు చూసే జబ్బు ఫలానా అని అనుమానం వచ్చేసింది కదా, మరి ముక్క ఎందుకు? వైద్యం ఎటూ బ్యాండింగే.

గాజుపలక
మేడమే :) మీ ప్రశ్న న్యాయమైనది. మన దేశంలో ఏళ్ల తరబడి మీకు చేసినట్టే చేశారు, చాలామంది బాగున్నారు. కానీ తమ్ముడి ఫైల్ మీద సిర్రోసిస్ అని ఇప్పటికే రాసి ఉంది. దాన్ని కొట్టేయాలంటే అనుమానం సరిపోదు. పీఎస్‌వీడీ నిర్ధారణకి సిర్రోసిస్ లేదని ముక్కలో కనిపించాలి, ఇప్పటి నిర్వచనంలో అది తప్పనిసరి.

డల్లాస్_బాబాయ్
ఆ ముక్క సైజు గురించి ఎవరూ చెప్పడం లేదు, నేను చెప్తాను. మా నాన్నగారికి ఊళ్లో ఉన్నప్పుడు బయాప్సీ చేశారు. రిపోర్టు: "సిర్రోసిస్ లేదని చెప్పలేం." ఆ వాక్యం పట్టుకుని ఏడాదిన్నర ఏడ్చాం. మా చెల్లెలు ఆ ల్యాబ్‌కి వెళ్లి బ్లాక్ (ముక్కని మైనంలో పెట్టి దాచిన బిళ్ల), స్లైడ్లు తెచ్చి లివర్ ఒక్కటే చూసే పాథాలజిస్టుకి ఇచ్చింది. ఆయన మొదటి మాట: "ఇది 9 మిల్లీమీటర్లు, రెండు తునకలు. దీని మీద ఎవరూ ఏమీ చెప్పకూడదు."

రెండోసారి మెడ నుంచి చేశారు, ముక్క సరిగ్గా వచ్చింది. సిర్రోసిస్ లేదు. కాబట్టి అక్కా, చేయించడం ఒక ఎత్తు, సరిపడా ముక్క రావడం ఇంకో ఎత్తు. ముందే అడగండి.

నైట్_డ్యూటీ
+1 బాబాయ్.

గాజుపలక
డల్లాస్_బాబాయ్ గారి మాట బంగారం. కనీసం 20 మిల్లీమీటర్లు, ఎక్కువ తునకలు కాకుండా ఉండాలి. అలా చూసినా మాకు వచ్చేది మొత్తం లివర్‌లో సుమారు 50 వేలో వంతు. చిన్న తునకలో గడ్డ ఉందో లేదో తేల్చబోతే పొరపాటు జరుగుతుంది.

పాలకొల్లు_పద్మ
నాది వేరే దారి, కానీ ఇక్కడికే చేరింది. అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగు పుండ్ల జబ్బు) నాలుగేళ్లు అజాథియోప్రిన్ అనే మందు వాడాను. ప్లేట్‌లెట్లు 2.4 లక్షల నుంచి 1.1 లక్షకి మెల్లగా దిగాయి. మందు డోసు వల్లే అనుకుని తగ్గించారు. ఇంకా దిగాయి. లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ ఎప్పుడూ మామూలే, అందుకని లివర్ వైపు ఎవరూ చూడలేదు. స్కాన్‌లో స్ప్లీన్ పెద్దదైందని తెలిశాక బయాప్సీ. మామూలు రంగులో ఏమీ కనపడలేదట. వెండి స్టెయిన్ వేస్తే గడ్డలు కనిపించాయట. నాడ్యులర్ రీజెనరేటివ్ హైపర్‌ప్లేజియా అని రాశారు. మందు ఆపేశారు.

తమ్ముడు ఏ మందులైనా చాలాకాలం వాడాడా అక్కా? అది చెప్పడం మర్చిపోకండి.

కరీంనగర్_అక్క
ఏమీ లేదు పద్మ గారూ. అయితే ఒకటి. ఇంటర్‌లో ఉన్నప్పుడు తెల్ల మచ్చలకి ఒకాయన దగ్గర భస్మం ఏదో రెండేళ్లు తిన్నాడు. అమ్మ ఇప్పుడు గుర్తు చేసింది.

గాజుపలక
@కరీంనగర్_అక్క అది తప్పకుండా డాక్టర్ గారికి చెప్పండి. చాలాకాలం ఒంట్లోకి ఆర్సెనిక్ వెళ్లడం ఈ జబ్బుకి తెలిసిన కారణాల్లో ఒకటి, కొన్ని నాటు మందుల్లో అది ఉంటుంది. ఆ భస్మంలో ఉందని నేను అనడం లేదు. పాత సీసా ఉంటే తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ పరీక్ష, రక్తం గడ్డకట్టే గుణం పరీక్షలు కూడా రాస్తారు, కంగారు పడకండి, అందరికీ రాస్తారు.

@పాలకొల్లు_పద్మ మీది చక్కగా చెప్పారు. ఆ వెండి స్టెయిన్ పేరు రెటిక్యులిన్. లివర్ కణాలు వరుసలుగా నిలబడటానికి సన్నటి దారాల్లాంటి అల్లిక ఉంటుంది, అది నల్లగా తేలుతుంది. మామూలు లివర్‌లో ఆ గీతలు దువ్విన జుట్టులా ఉంటాయి. ఈ గడ్డల మధ్యలో వరుసలు లావెక్కి, అంచుల్లో నలిగిపోయి దగ్గరగా ఒత్తుకుపోతాయి. మధ్యలో మచ్చకణజాలం మాత్రం ఉండదు. సిర్రోసిస్ అయితే ట్రైక్రోమ్ స్టెయిన్‌లో ప్రతి గడ్డ చుట్టూ నీలం పట్టీ కనిపిస్తుంది. ఇక్కడ నీలం లేదు. ఆ ఒక్క తేడా మీద మనిషి భవిష్యత్తు మారుతుంది.

మానేరు77
బయాప్సీ ప్రతి ఒక్కరికీ అవసరం లేదని కూడా చెప్పండి మేడమ్. మా ఆవిడకి పొట్టలో నీళ్లు, కాళ్ల వాపు. బయాప్సీ చేస్తారేమో అని మేమే అడిగాం. డాప్లర్‌లోనే (రక్తం పారే తీరు చూసే స్కాన్) లివర్ నుంచి బయటికి వెళ్లే సిరలు మూసుకుపోయినట్టు కనిపించింది, ఇక ముక్క అక్కర్లేదన్నారు. బడ్ కియారీ సిండ్రోమ్. రక్తం ఎందుకు గడ్డకట్టిందో చూసే జాక్2 అనే జన్యు పరీక్ష పాజిటివ్ వచ్చింది. స్టెంట్ వేశారు, రక్తం పలచన చేసే మందు వాడుతోంది.

గాజుపలక
నిజం. బడ్ కియారీలో మూసుకునేది పెద్ద సిరలు, స్కాన్‌లో కనపడతాయి. పిల్ల కాలువలు స్కాన్‌కి అందవు, అందుకే మా దగ్గరికి వస్తారు.

గోదారి_గట్టు
సరే మేడమ్. కానీ లివర్ పాథాలజిస్టు లేని ఊళ్లలో ముక్క తీసి ఏం లాభం? బాబాయ్ వాళ్ల నాన్నగారికి జరిగిందే జరుగుతుంది. చూసేవాళ్లు ఉన్న చోటే చేయించాలి, లేకపోతే వద్దు. ఇది నేను మార్చుకోను.

గాజుపలక
ఆ మాటకి నా అభ్యంతరం లేదు. ఒక్కటి కలుపుతాను: ముక్క సరిగ్గా తీస్తే, చూసేవాళ్ల దగ్గరికి బ్లాక్ ప్రయాణం చేస్తుంది. రోగి రానక్కర్లేదు.

కరీంనగర్_అక్క
మెడ నుంచి ఎందుకు? పక్కటెముకల దగ్గర నుంచి తీస్తారని విన్నాను. మెడ అనేసరికే అమ్మకి గుండె జారింది.

నైట్_డ్యూటీ
నేను క్యాథ్ ల్యాబ్‌లో స్టాఫ్ నర్సుని, గుంటూరు. వారానికి ఒకటి రెండైనా చూస్తాను. అమ్మకి ఇది చదివి వినిపించండి.

పక్కటెముకల దగ్గర నుంచి తీస్తే లివర్ పొరకి చిల్లు పడుతుంది, రక్తం కారితే పొట్టలోకి కారుతుంది. ప్లేట్‌లెట్లు 58 వేలున్న వాళ్లకి ఆ రిస్క్ ఎందుకని మెడ దారి. మెడ కుడివైపు చర్మానికి మత్తు సూది ఇచ్చి, స్కాన్ చూస్తూ అక్కడి సిరలోకి సన్నటి గొట్టం పంపుతారు. గుండె పై గది గుండా లివర్ సిరలోకి దిగుతుంది. అక్కడి నుంచి సూదితో ముక్క తీస్తారు. రక్తం కారినా సిరలోకే, అంటే తిరిగి ఒంట్లోకే పోతుంది. గొట్టం గుండె దాటేటప్పుడు రెండు మూడు దడలు వస్తాయి, మానిటర్ మీద మేం చూస్తూనే ఉంటాం. మనిషి మెలకువగానే ఉంటాడు. "ఊపిరి పట్టు" అంటే పట్టాలి, అంతే పని. ముక్క తీసే క్షణంలో కుడి భుజంలో చురుక్కుమంటుంది.

ఇంకో లాభం, అదే గొట్టంతో లివర్ సిరలో ఒత్తిడి కొలుస్తారు. హెచ్‌వీపీజీ అంటారు.

సూది సన్నగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు సార్లు తీస్తారు. ఒక్కో ముక్క చూస్తే తెల్లటి సేమియా పోగులా ఉంటుంది. ఫార్మలిన్ సీసాలో వేస్తే అడుగుకి దిగుతుంది. నేను ఎప్పుడూ సీసా లైటుకి పెట్టి చూస్తాను, పొడుగు ఉందా, తునకలైందా అని. తునకలైతే డాక్టర్ గారికి చెప్తాను, ఇంకోటి తీస్తారు.

తర్వాత కొన్ని గంటలు పడుకోబెట్టి బీపీ చూస్తుంటాం. పోయిన వారం ఒక పెద్దాయన టేబుల్ దిగకముందే "అమ్మాయ్, పెసరట్టు ఎప్పుడు తినొచ్చు" అని అడిగారు. అంత మామూలుగా ఉంటారు చాలామంది.

ముక్క తీస్తే జబ్బు ముదరదు అమ్మా. రక్తస్రావం రిస్క్ అసలు లేదని అబద్ధం చెప్పను. చిన్నది ఉంది, అందుకే గంటల తరబడి పక్కనే ఉంటాం.

పాలకొల్లు_పద్మ
సేమియా పోగు :) ఇక నేను పాయసం తిన్నట్టే.

కరీంనగర్_అక్క
అమ్మ రెండుసార్లు చదివించుకుంది. "ఆ నర్సమ్మ ఉండే ఆసుపత్రిలోనే చేయిద్దాం" అంటోంది. గుంటూరు ఎంత దూరమో చెప్పి ఒప్పించాను. మంగళవారం హైదరాబాద్‌లోనే.

మానేరు77
ఫార్మలిన్ సీసా మీద పేరు, వయసు సరిగ్గా రాశారా చూసుకోండి. మా వీధిలో ఒకరికి రిపోర్టులు తారుమారై నరకం చూశారు.

(మూడు వారాల తర్వాత)

కరీంనగర్_అక్క
అందరికీ చెప్పాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బయాప్సీ బాగా జరిగింది. నేను ముందే ఒక కాగితం మీద రాసుకెళ్లాను: 20 మిల్లీమీటర్లు, రెటిక్యులిన్, ట్రైక్రోమ్, లివర్ చూసే పాథాలజిస్టు. డాక్టర్ గారు కాగితం చూసి ఏమనుకుంటారో అని భయపడ్డాను. చదివి, "ఇవన్నీ చేస్తున్నాం, మీరు అడగడం మంచిదైంది" అన్నారు. తమ్ముడికి భుజం చురుక్కుమందట, నైట్_డ్యూటీ గారు చెప్పినట్టే. దడ రెండుసార్లు.

లివర్ సిరలో ఒత్తిడి, అదే హెచ్‌వీపీజీ, 6 వచ్చింది. మామూలుగా 5 దాకా ఉంటుందట. నాలుగు ముక్కలు, మొత్తం 24 మిల్లీమీటర్లు. రిపోర్టులో ఉన్నది తెలుగులో రాస్తున్నాను: పోర్టల్ ట్రాక్టులు 13. చాలావాటిలో పోర్టల్ సిర సన్నబడింది, కొన్నింటిలో అసలు కనపడలేదు. కొన్ని చోట్ల పునరుత్పత్తి గడ్డలు. సిర్రోసిస్ లేదు. పీఎస్‌వీడీ.

తమ్ముడు ఆ "సిర్రోసిస్ లేదు" అన్న లైన్ మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. మాట్లాడలేదు. కారు ఎక్కాక ఏడ్చాడు.

ఒత్తిడి 6 అంటే తక్కువ కదా, మరి సిరలు ఎందుకు పగిలాయి అని మా బావ అడుగుతున్నారు. మేడమ్ చెప్పగలరా?

గాజుపలక
చాలా సంతోషంగా ఉంది. చదవగానే మా ఇంట్లో వాళ్లకి కూడా చెప్పాను.

బావగారి ప్రశ్న చాలా మంచిది. గొట్టం దిగింది లివర్ నుంచి నీళ్లు బయటికి పోయే వైపు నుంచి. పూడిక ఉన్నది లోపలికి వచ్చే వైపు. పొలం దిగువన నిలబడి కొలిస్తే ఎగువ కాలువలో ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో తెలియదు. అందుకే ఈ జబ్బులో ఆ అంకె మామూలుగా గానీ, కొంచెం ఎక్కువగా గానీ వస్తుంది. సిర్రోసిస్ వల్ల సిరలు పగిలే స్థితి వస్తే సాధారణంగా 10 దాటి చాలా పైన ఉంటుంది. ఆ 6 కూడా ముక్క చెప్పిన మాటే చెప్తోంది.

నేను రోజూ వెతికేది ఒకటి చెప్తాను. పోర్టల్ ట్రాక్టు అంటే ముగ్గురు కలిసి ఉండే ఇల్లు: సిర, ధమని, పిత్తనాళం. ముగ్గురిలో పెద్దది సిర. ఇంట్లోకి తొంగి చూస్తే పెద్దావిడ కనపడదు, చిన్నవాళ్లిద్దరే ఉంటారు. గోడ అవతల మాత్రం సన్నటి గోడలున్న కొత్త నాళాలు దారి వెతుక్కుంటూ ఉంటాయి. ఒక ఇంట్లో అలా ఉంటే పట్టించుకోను. 13 ఇళ్లలో చాలావాటిలో ఉందంటే ఇక సందేహం లేదు. ముక్క పొడుగు కావాలని అంత పట్టుబట్టింది అందుకే.

డల్లాస్_బాబాయ్
24 మిల్లీమీటర్లు! నాన్నగారికి చెప్తాను.

గోదారి_గట్టు
తమ్ముడికి నా తరఫున చెప్పండి, నా పెద్దమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. సంబంధం వాళ్లకి కూడా చెప్పండి. ఇక మందులు?

కరీంనగర్_అక్క
సిరల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మొదలుపెట్టారు. సిరలు పూర్తిగా అణిగేదాకా కొన్ని వారాలకోసారి బ్యాండింగ్. ఆరు నెలలకోసారి డాప్లర్, పోర్టల్ సిరలో రక్తం గడ్డ కడుతుందేమో చూడటానికి. ట్రాన్స్‌ప్లాంట్ మాట ఇప్పుడు లేదు. ఆల్కహాల్, పసరు ఏదీ ముట్టవద్దన్నారు. భస్మం సీసా దొరికింది, డాక్టర్ గారికి ఇచ్చాం.

నైట్_డ్యూటీ
నల్లటి విరేచనం అయినా, కళ్లు తిరిగినా, తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి. బ్యాండ్లు వేసిన కొత్తలో మెత్తటి తిండి.

రావుగారి_తోట
తల్లీ, నేను మొదట తొందరపడి రాశాను. తమ్ముడు చల్లగా ఉండాలి.

కరీంనగర్_అక్క
అయ్యో రావు గారూ, మీరు మంచికే చెప్పారు.

చివరగా ఒక చిన్న సంగతి. ల్యాబ్ వాళ్లు అడగ్గానే బ్లాక్, స్లైడ్లు ఇచ్చారు. అగ్గిపెట్టె అంత కూడా లేదు ఆ మైనపు బిళ్ల, మధ్యలో సన్నటి పోగులు కనిపిస్తున్నాయి. వీటిని ఎక్కడ దాచాలి? తమ్ముడు కారు డాష్‌బోర్డు పెట్టెలో పెడతానంటున్నాడు, ఏ ఆసుపత్రికి వెళ్లినా చేతిలో ఉంటుందని.

గాజుపలక
కారులో వద్దే వద్దు! అది పారఫిన్ మైనం, కరీంనగర్ మే నెల ఎండలో మూసిన కారులో మెత్తబడిపోతుంది. చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టండి. స్లైడ్లు గాజువి, అట్టపెట్టెలో నిలబెట్టి ఉంచండి.

కరీంనగర్_అక్క
బీరువాలో పెట్టేశాం. అమ్మ తన పట్టుచీరల మధ్య, పొలం పాసుపుస్తకం పక్కన పెట్టింది. తాళం తన కొంగుకే కట్టుకుంది.